తారీఖు పెంచుతరు బిడ్డా

మహబూబాబాద్‌లో దానియేలు ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. స్కాలర్‌షిప్ సారు ఇల్లెక్కడని అడిగి చూడండి, స్టేషన్ ముందు ఆటో ఆపుకున్నవాడు కూడా దారి చెబుతాడు. వాడి చెల్లెలి ఫారమో, బామ్మర్ది ఫారమో ఆయన చేతి మీదుగా పోయే ఉంటుంది. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఊడబెరికి పని పేరు తగిలించడంలో ఊరినే మానుకోట అని పిలుచుకునే ఇక్కడివాళ్లను మించినవాళ్లు లేరు. దానియేలుకు దాంతో పేచీ ఏమీ లేదు. ఆయన్ని పేరు పెట్టి పిలిచే మనిషి ఒకామె ఉండేది. ఆమె పోయాక ఆ పేరుతో పెద్దగా పని లేకుండా పోయింది.

యాభై ఎనిమిదేళ్ల దానియేలు ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో, మెట్ల కింది గదిలో, ఊచల కిటికీ వెనక కూర్చుంటాడు. పిల్లల ఫీజు సర్కారు కట్టాలంటే కులం కాగితం, ఆదాయం కాగితం, బ్యాంకు పాసుబుక్కు, చివరికి వేలిముద్ర, అన్నీ ఆ కిటికీ దాటాల్సిందే. పాలకుర్తి పక్క పల్లెలో కూలి చేసుకునే ఇంట పుట్టాడు. ఇంటర్ దాకా చదివి భూపాలపల్లి కాలేజీలో గంట కొట్టే పనికి చేరాడు. చేతిరాత గుండ్రంగా ఉందని అక్కడి ప్రిన్సిపాల్ ఫారాలు నింపమన్నాడు. అంతే, ఇరవై తొమ్మిదేళ్లు అదే పని. యాజమాన్యం ఆయన్ని భూపాలపల్లి నుంచి జనగామకు, జనగామ నుంచి మానుకోటకు మార్చింది. ఊళ్లు మారాయి గానీ ఎక్కడికి పోయినా ఒక మెట్ల కింది గదీ, ఒక కిటికీ ఆయన కోసం ఎదురుచూస్తూనే ఉన్నాయి.

కిటికీ అవతల నిలబడ్డ పిల్లను చూడగానే ఏ తండా, ఏ ఇంటిపేరు, తండ్రికి ఎంత భూమి, ఆదాయం కాగితానికి గడువు మురిగిందా లేదా అన్నీ గడగడా చెప్పగలడు. ఆయన పొద్దున తిన్నాడో లేదో మాత్రం ఆ పిల్లల్లో ఒక్కరికీ తెలియదు. తెలియాలని ఆయనా అనుకోలేదు, చాలాకాలం.

ఈ పనిలో కష్టమంతా వేలిముద్ర దగ్గర. మానుకోట చుట్టుపక్కల మాఘమాసం వస్తే మిరప కోతలు. కాలేజీకి రెండు వారాలు ఎగనామం పెట్టి కోతకు పోని పిల్ల ఉండదు. కాయ కోసీ కోసీ వేళ్ల తోలు లేచిపోయి, మంటకు ఎర్రబడి, గీతలన్నీ అరిగిపోతాయి. వేలు పెడితే మిషను కుయ్యిమని మూలుగుతుందే తప్ప ముద్ర పట్టదు. దానియేలు అందుకు తన వైద్యం తాను కనిపెట్టుకున్నాడు. గోరువెచ్చని నీళ్లలో వేళ్లు నానబెట్టించి, కొబ్బరినూనె రాయించి, తుడిపించి, ముందు ఉంగరపు వేలు, తర్వాత ఎడమచేతి బొటనవేలు పెట్టిస్తాడు. అప్పటికీ పట్టకపోతే ఒకటే మాట చెబుతాడు. "చేన్లకు పోకు. వేళ్లు మాననీ. అప్పుడు రా."

చివరి తారీఖు దాటిపోదా అని కొత్త పిల్లలు గుడ్లలో నీళ్లు పెట్టుకునేవాళ్లు. దానియేలు నవ్వేవాడు. సర్కారు వేసిన చివరి తారీఖు నిజంగా చివరిదని నమ్మేవాడు ఈ పనికి కొత్తవాడన్నమాట. ఒకసారి పదిహేను రోజులు, ఇంకోసారి నెల, ఆయన లెక్కలో పెంచని ఏడాదే లేదు. మీసేవలో కూర్చునేవాడూ అంతే, పక్క కాలేజీ గుమస్తా అంతే. "తారీఖు పెంచుతరు బిడ్డా, పరేషాన్ గాకు" అనడం ఆ కిటికీ దగ్గర నమస్తే చెప్పినంత మామూలు.

రెండేళ్ల కిందట పెంచలేదు.

ఆ ఏడాది ఆయన భార్య కల్పన వరంగల్ దవాఖానలో ఉంది. కిడ్నీలు చెడిపోయి రోజు మార్చి రోజు రక్తం శుభ్రం చేయించాలి. దానియేలు పొద్దున కిటికీ తెరిచి, మధ్యాహ్నం రైలెక్కి, రాత్రి ఆమె మంచం పక్క నేల మీద పడుకుని, తెల్లారి మళ్లీ రైలెక్కేవాడు. అట్లాంటి ఒక పొద్దున గంగారం మండలం తండా నుంచి సుమన వచ్చింది. డిగ్రీ మూడో ఏడాది, మాట తక్కువ, మార్కులు ఎక్కువ. తండాలో డిగ్రీ చివరి ఏడాదికి చేరిన మొదటి ఆడపిల్ల. చుట్టాలంతా పెళ్లి చెయ్యమని సతాయిస్తే ఆమె తండ్రి చాంద్యా వాళ్లందరితో తగవు పెట్టుకుని చదివించాడు. పది వేళ్లూ పెట్టి చూసినా మిషను పట్టలేదు. దానియేలు రైలు టైము చూసుకున్నాడు.

"వారం దినాలు ఆగి రా."

"ఎల్లుండే ఆఖరు అంటున్నరు గద సార్?"

"తారీఖు పెంచుతరు బిడ్డా. నేను చెప్తున్న గద."

వారం ఆగి సుమన తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. అప్పటికి గడువు ముగిసి ఐదు రోజులైంది, మిషను తెర మీద ఆమె పేరు తెరుచుకోవడం మానేసింది. కిటికీ ముందు చాంద్యా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అప్పుడే దవాఖాన నుంచి ఫోను మోగుతోంది. దానియేలు నోట్లోంచి మాట జారింది. జారింది అనడం కూడా ఆయన మీద జాలితో అంటున్నదే. ఆ మాట ఆయన తెలిసే అన్నాడు.

"ముందుగాల రావాలె గదా చాంద్యన్నా. నీ బిడ్డనే లేటు చేసింది."

సుమన ఒక్కసారి ఆయన కళ్లలోకి చూసి తల వంచుకుంది. చదువు చెప్పే చోట సారు మాటకు ఎదురు చెప్పే అలవాటు ఆ పిల్లకు లేదు. చాంద్యా బిడ్డ వైపు తిరిగి కూడా చూడకుండా గేటు దాటి వెళ్లిపోయాడు.

మూడో ఏడాది ఫీజు సర్కారు నుంచి రాలేదు కాబట్టి కాలేజీ ఆమె సర్టిఫికెట్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేసింది. బీఈడీ పరీక్ష రాసి సీటు తెచ్చుకున్నా కాగితాలు లేక చేరలేకపోయింది. ఆ ఏప్రిల్‌లో కల్పన చనిపోయింది. ఉన్నదంతా వైద్యానికి ఊడ్చుకుపోయింది గానీ, లేకుంటే ఆ పిల్ల ఫీజు తానే కట్టేవాణ్నని దానియేలు తనకు తాను చెప్పుకునేవాడు. అది నిజమో కాదో ఆయనకే తెలియదు.

ఆ తండా నుంచే వచ్చే నవ్య ఒకసారి కిటికీ దగ్గర మాటల్లో అంది. "చాంద్య కాక సుమనక్కతోని మాట్లాడుతనే లేడు సార్. అన్నం పెడితే తింటడు, లేస్తడు. ఒక్క మాట లేదు." దానియేలు ఆ పిల్ల ఫారం మీద ముద్ర వేసి, తర్వాతి పిల్లను పిలిచాడు.

కల్పన పోయాక ఇంట్లో ఆయనకు చేతకానిది వంట కాదు, సాయంత్రం. అయిదింటికి తాళం తీసి లోపలికి పోతే పొద్దున ఎక్కడి గిన్నె అక్కడే ఉండేది. టీవీ పెట్టుకునేవాడు, ఎవరో మాట్లాడుతున్నట్టు ఉంటుందని. ఫోన్లో రెండు వేల పైచిలుకు పిల్లల నంబర్లున్నాయి. మోగితే ఏదో ఒక కాగితం గురించే. డబ్బు పడ్డాక ఎవరూ ఫోను చెయ్యరు, పని అయిపోయింది కదా. ఆదివారం చర్చి నుంచి తిన్నగా కాలేజీకే పోయి, ఎవరూ లేని కిటికీ తెరిచి కూర్చున్న రోజులున్నాయి. ఆ కిటికీ పోతే తనతో మాట్లాడడానికి మానుకోటలో ఒక్క మనిషికి కూడా కారణం ఉండదని ఆయనకు బాగా తెలుసు.

ఆ కిటికీ పోయే రోజు వచ్చేలా ఉందని ఈ జనవరిలో పేపర్లో చదివాడు. విద్యార్థుల ఫీజు సాయం మీద కొత్త చట్టం తెస్తారట, ముసాయిదా తయారైందట. చదివిన పేజీనే నాలుగుసార్లు చదివాడు. డబ్బు కాలేజీకి కాకుండా నేరుగా పిల్లల ఖాతాలోనే పడుతుంది. దరఖాస్తు పిల్లలే ఫోన్లో పెట్టుకోవచ్చు. వేలిముద్ర పడకపోతే ముఖం చూపిస్తే చాలు. గడువు దాటినా ఆ ఏడాది సాయం పూర్తిగా పోదు, కారణం రాసిస్తే తీసుకుంటారు. ఫీజు రాలేదని ఏ కాలేజీ సర్టిఫికెట్లు ఆపడానికి వీల్లేదు. ప్రతి వాక్యం దగ్గరా దానియేలుకు రెండు సంగతులు తోచేవి. ఒకటి, ఈ వాక్యం అప్పుడుంటే సుమన బతుకు వేరు. రెండు, ఈ వాక్యం వస్తే నా కిటికీ దగ్గరికి ఎవరూ రారు. రెండోదే ముందు తోచిందని ఒప్పుకోవడానికి ఆయనకు సిగ్గేసింది.

వారం తిరక్కుండా కాలేజీ కరస్పాండెంట్ ధర్మేందర్ జనగామ నుంచి ఫోను చేశాడు. మూడు కాలేజీలూ ఆయనవే. చెడ్డవాడేమీ కాదు. సర్కారు బకాయిలు రాక ఏడు నెలలు అప్పు తెచ్చి జీతాలిచ్చిన మనిషి.

"దానియేలూ, ముసాయిదా చూసినవా? పైసలు పిల్లగాండ్ల ఖాతాల పడితే మనకు తెచ్చి కడ్తరా? మీ జీతాలు నేనెట్ల ఇయ్యాలె?"

"చూసిన సార్."

"వచ్చే గురువారం జనగామల మూడు జిల్లాలకు అభిప్రాయ సేకరణ పెట్టిన్రు. మన దిక్కు నుంచి నువ్వే మాట్లాడాలె. ముప్పై ఏండ్ల అనుభవం. కాగితం నేను రాయించి పంపుత, చదువుడే. నీకు రిటైర్మెంటు దగ్గరికొచ్చింది గద, ఇంకో మూడేండ్లు నీ కిటికీ నీకే ఉంటది. నాది జిమ్మ."

దానియేలు సరే అన్నాడు. ఆలోచించి అన్న సరే కాదది. ఇంకో మూడేళ్లు అన్న మాట వినగానే లోపల ఎక్కడో దీపం పెట్టినట్టయింది, అంతే.

గురువారం పొద్దున రైల్లో కాగితం రెండుసార్లు చదువుకున్నాడు. తండాల పిల్లలకు ఫారాలు నింపడం రాదని, అనుభవమున్న సిబ్బంది లేకపోతే తప్పులు జరిగి నష్టపోతారని, పాత పద్ధతే మేలని అందులో ఉంది. వరంగల్ స్టేషన్‌లో రైలు ఆగినప్పుడు కిటికీ పక్కనే ఉన్న దానియేలు ముఖం లోపలికి తిప్పుకున్నాడు. దవాఖానకు పోయే దారి చూడటం ఇష్టం లేక. ఎదురుగా ఉన్న ఆలుమగలు చపాతీలు విప్పుకుని, తింటారా అని మాటవరసకు అడిగారు. వద్దన్నాడు. ఆ పొద్దుకు ఆయనతో ఎవరైనా అన్న మాట అదొక్కటే.

జనగామలో హాలు నిండా జనం. కాలేజీలవాళ్లు ముందు వరసల్లో, పిల్లలు వెనక. ధర్మేందర్ దూరం నుంచే చెయ్యెత్తి పలకరించాడు. వేదిక మీద ముగ్గురు అధికారులు, మధ్యలో కళ్లద్దాల మేడం. మనిషికి మూడు నిమిషాలు. దానియేలు మైకు ముందు నిలబడి కాగితం తడబడకుండా చదివాడు. గుండ్రటి చేతిరాత లాగే ఆయన గొంతు కూడా శుభ్రంగా ఉంటుంది. ముందు వరసలు చప్పట్లు కొట్టాయి. దిగబోతుంటే మేడం ఆపింది.

"ఒక్క మాట చెప్పి వెళ్లండి. ఇన్నేళ్లలో మీ చేతి మీద, మీ పద్ధతిలో, గడువు దాటి సాయం పోగొట్టుకున్న పిల్లలు ఎంతమంది?"

లేరు మేడం అంటే సరిపోయేది. అక్కడెవరూ బీరువా తెరిచి చూసేవాళ్లు కారు. ధర్మేందర్ అప్పటికే లేదన్నట్టు తల అడ్డంగా ఆడిస్తున్నాడు.

"ఒక్క పిల్ల మేడం" అన్నాడు దానియేలు.

"ఎందుకు పోయింది?"

"నా వల్ల. వేళ్లు మానినంక రమ్మన్న. తారీఖు పెంచుతరన్న. పెంచలే. వచ్చినంక లేటు చేసినవని ఆమె మీదనే చెప్పిన, వాళ్ల నాయిన ముందర." చేతిలోని కాగితం పైకెత్తి చూపించాడు. "ఈ కాగితంల తండా పిల్లలకు ఫారం నింపరాదని ఉన్నది. ఆ పిల్లకు వచ్చు మేడం. ఆమె ఫోన్ల ఆమె చేసుకొని ఉంటే ఇయ్యాల టీచరయ్యేది. ఆ చట్టంల ఉన్నదే మంచిగున్నది."

మేడం ఏదో రాసుకుంది. తర్వాతివాళ్ల పేరు పిలిచారు. వెనక వరసల్లో పిల్లలు చప్పట్లు కొట్టారో లేదో దానియేలుకు వినబడలేదు. బయట ధర్మేందర్ ఆయన్ని తిట్టలేదు. జేబులోంచి తాళాలు తీసి ఆడిస్తూ, "ఈ నెల దాకా చెయ్యి, తర్వాత జర ఆరాం తీసుకో" అన్నాడు. తిట్టి ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది. తిరుగు రైల్లో ఆయనకు భయమూ వేసింది, గర్వంగానూ ఉంది. ఒప్పుకున్నాను కదా, అందరి ముందూ ఒప్పుకున్నాను కదా అని దారంతా అనుకుంటూనే వచ్చాడు. ఆ మాట సుమనకు చెప్పాలనిపించింది. నిజం చెప్పాలంటే, చెప్పడానికి ఆయనకు ఇంకెవరూ లేరు కూడా.

ఆదివారం చర్చి మానేసి గూడూరు మీదుగా బస్సులో గంగారం చేరి, అక్కణ్నుంచి ఆటోలో తండా దగ్గర దిగాడు. సుమన మిరప చేనులో ఉందన్నారు. గట్టు మీద నిలబడ్డ సారును చూసి ఆ పిల్ల కోసిన కాయలు గంపలో వేసి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. రెండేళ్లలో బాగా చిక్కిపోయింది. దానియేలు చెప్పదలుచుకున్నదంతా నిలబడ్డచోటే చెప్పేశాడు. జనగామ హాలు, మేడం, మైకు, తప్పు నాదే అన్న మాట, అన్నీ. చట్టం ఇంకా రాలేదని, వస్తుందో రాదో తెలియదని, సర్టిఫికెట్లు తన చేతిలో లేవని కూడా చెప్పాడు.

సుమన అంతా విన్నది. ఆమె ముఖంలో ఆయన ఎదురుచూసింది ఏదీ కనబడలేదు.

"నాకెందుకు చెప్తున్నరు సార్? నాకు ఎరికే గదా."

సుమన ఒక అడుగు దగ్గరికి వచ్చింది.

"జనగామల వాళ్లకందరికి చెప్పిన్రు. మా బాపుకు చెప్పిన్రా?"

"నువ్వు చెప్పలేదా బిడ్డా, ఇన్ని దినాలు?"

"అయ్యాల్నే చెప్పిన. సారు గంత పెద్ద మనిషి, అబద్ధమాడుతడా అన్నడు. నన్నే అబద్ధమాడుతున్నవ్ అన్నడు. గప్పటి సంది మాట బందు." ఆ పిల్ల తండా వైపు చెయ్యి చూపించింది. "సర్టిఫికెట్లు రానీ, రాకపోనీ. ముందు గాయినకు చెప్పుర్రి."

ఎవరో తెలియనివాళ్ల హాలులో ఒప్పుకున్నందుకే ఇంత గర్వపడ్డానని దానియేలుకు అప్పుడు తెలిసొచ్చింది. పరాయివాళ్ల ముందు తప్పు ఒప్పుకోవడానికి మూడు నిమిషాలు చాలాయి. చేను నుంచి ఆ ఇంటి దాకా నడిచిన ఇరవై నిమిషాల్లో ఆయన రెండుసార్లు ఆగాడు. సుమన ముందు నడుస్తూ, ఆయన ఆగినప్పుడల్లా తానూ ఆగింది. తిరిగి మాత్రం చూడలేదు.

చాంద్యా వాకిట్లో పట్టా పరిచి మిరపకాయలు తిరగేస్తున్నాడు. సారును చూసి గబగబా లేచి, తువ్వాలతో మంచం దులిపి, "కూసో సార్" అని చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు. దానియేలు కూర్చోలేదు. చెంబు చేతిలో పట్టుకునే చెప్పాడు.

"చాంద్యన్నా, నీ బిడ్డ లేటు చేయలే. ఎల్లుండే ఆఖరని ఆమె చెప్పింది. నేనే ఆగి రమ్మన్న. ఆ దినం నీ ముందర అబద్ధం చెప్పిన. నీ బిడ్డ నీకు చెప్పిందే నిజం."

చాంద్యా ఆయన్ని చూశాడు. తిడతాడేమో, కొడతాడేమో అనుకుని దానియేలు సిద్ధంగానే ఉన్నాడు. చాంద్యా మాత్రం ఆయన పక్క నుంచి తొంగి, గుమ్మం దగ్గర నిలబడ్డ బిడ్డ వైపు చాలాసేపు చూశాడు. తర్వాత మంచం మీద కూర్చుని తమ భాషలో మెల్లగా ఏదో అన్నాడు. మాతృభాష అన్న గడిలో లంబాడీ అని కొన్ని వేలసార్లు రాసిన దానియేలుకు ఆ భాషలో ఒక్క ముక్క రాదు. తండ్రి మళ్లీ ఏదో అన్నాడు, ఈసారి అతని గొంతు విరిగింది. సుమన నడిచి వచ్చి అతని ముందు చతికిలబడి, అతని మోకాళ్ల మీద ముఖం పెట్టుకుని, చిన్నపిల్ల ఏడ్చినట్టు బిగ్గరగా ఏడ్చింది. చాంద్యా మిరప ఘాటు అంటిన చేతులు ఆమె తలకు తగలకుండా పైకెత్తి పట్టుకుని, మోచేతులతోనే బిడ్డను దగ్గరికి తీసుకున్నాడు. రెండేళ్ల మాటలన్నీ ఇద్దరి నోళ్లలోంచి ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.

దానియేలు నీళ్లు తాగి చెంబు మంచం కోడు పక్కన పెట్టాడు. పోయొస్త అన్నాడు, వాళ్లకు వినబడలేదు. రోడ్డు మీదికి వచ్చి గంగారం ఆటో కోసం నిలబడ్డాడు. వెనక నుంచి పిలుస్తారేమోనని రెండుసార్లు తిరిగి చూశాడు. ఎవరూ రాలేదు. ఆటో వచ్చాక ఎక్కి కూర్చున్నాడు.